ప్రాచీన సముద్రాల వెచ్చదనాన్ని కొలిచిన హెరాల్డ్ యూరే

మన పాఠశాలలో చదివి పైచదువులకు వెళ్ళిన విద్యార్థులకు హెరాల్డ్ యూరే అనే పేరు రెండు చోట్ల తటస్థపడి ఉంటుంది. రసాయనశాస్త్రంలో భారజలం పాఠం దగ్గర ఒకసారి, జీవశాస్త్రంలో జీవం పుట్టుకను గురించిన పాఠంలో మిల్లర్ పేరు ప్రక్కన మరొకసారి. ఈ రెండింటికీ నడుమ ఆయన సాధించిన మూడవ కార్యం మాత్రం పాఠ్యపుస్తకాలలోకి అంతగా ఎక్కలేదు. మానవుడు పుట్టక ముందు, కోట్ల సంవత్సరాల క్రితం సముద్రపు నీరు ఎంత వెచ్చగా ఉండేదో ఒక గుల్లను పరీక్షించి చెప్పగల ఉపాయాన్ని ఆయన కనిపెట్టారు. పల్లెటూరి బడిపంతులుగా జీవితం ప్రారంభించిన ఆ మహనీయుని చరిత్రను ఈ ప్లాటినం జూబిలీ సంచికలో చెప్పుకోవడం సముచితమని భావించాను.

యూరే 1893 ఏప్రిల్ 29వ తేదీన అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి శామ్యూల్ బడిపంతులు. తమ క్రైస్తవ శాఖలో బోధకులు కూడా. బాలునికి ఆరేండ్ల వయస్సులోనే ఆయన క్షయవ్యాధితో కాలధర్మం చెందారు. హెరాల్డ్ 1911లో ఉన్నత పాఠశాల చదువు ముగించి, ఎర్ల్‌హామ్ కళాశాలలో మూడు నెలల శిక్షణ పొంది ఉపాధ్యాయ యోగ్యతాపత్రం సంపాదించారు. మూడే నెలలు! ఏడాది పొడవునా పాఠ్య పథకాలు వ్రాసి, పరిశీలకుల ముందు వణుకుతూ పాఠాలు చెప్పి పట్టా పుచ్చుకొన్న మా తరం వారికి ఇది కొంచెం ఈర్ష్య కలిగించే సంగతే. ఇండియానాలోనూ, ఆ తరువాత తల్లి తరలిపోయిన మోంటానా రాష్ట్రంలోనూ ఆయన చిన్న చిన్న బడులలో పాఠాలు చెప్పారు. మోంటానాలో ఒక గని శిబిరంలో పని చేస్తూ ఒక కుటుంబం వారి ఇంట బస చేసి ఉండగా, ఆ ఇంటి కుర్రవాడు కళాశాలలో చేరడానికి నిశ్చయించుకొన్నాడు. ఆ నిశ్చయం ఈ యువ ఉపాధ్యాయునికి కూడా అంటుకొన్నది.

1914లో మిజూలా పట్టణంలోని మోంటానా విశ్వవిద్యాలయంలో చేరారు. చేతిలో పైకం లేదు. కొంతకాలం గుడారంలో ఉండి చదువుకొన్నారు. వేసవిలో రైలుమార్గం పనులలో కూలి చేశారు. నాలుగేండ్ల చదువును మూడేండ్లలో పూర్తి చేసి 1917లో పట్టభద్రులైనారు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే ఆయన ప్రధానంగా చదివినది రసాయనశాస్త్రం కాదు, జంతుశాస్త్రం. ఊరి ప్రక్కన ప్రవహించే నదిలో నీరు నిలిచిన ఒక మడుగులో ఉండే ప్రోటోజోవాలు, అనగా ఏకకణ జీవులు, ఆయన తొలి పరిశోధనకు విషయమైనాయి. ముప్పది సంవత్సరాల తరువాత సముద్రంలోని ఏకకణ జీవులే మళ్ళీ ఆయన ప్రయోగశాలకు రావడం చిత్రమైన సంగతి.

మొదటి ప్రపంచయుద్ధం ఆయనను రసాయనశాస్త్రంలోకి నెట్టింది. ఫిలడెల్ఫియాలో ప్రేలుడు పదార్థాలు తయారుచేసే కర్మాగారంలో పని చేశారు. యుద్ధం ముగిసిన పిదప మోంటానాకు తిరిగివచ్చి రెండేండ్లు బోధించి, బర్క్‌లీలో గిల్బర్ట్ లూయిస్ వద్ద పరిశోధన గావించి 1923లో డాక్టరేటు పొందారు. ఒక సంవత్సరం కోపెన్‌హేగన్‌లో నీల్స్ బోర్ సంస్థలో ఉండి వచ్చారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కొన్నేళ్ళు బోధించి, 1929లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు.

అక్కడ 1931లో హైడ్రోజన్‌కు రెట్టింపు బరువు గల సోదరుడున్నాడని నిరూపించారు. అదే డ్యుటీరియం. దానిని పట్టుకొన్న తీరును కొంచెం వివరించడం అవసరం. ఈ కథలో అది మళ్ళీ ఎదురుపడుతుంది. ద్రవ హైడ్రోజన్‌ను మెల్లగా ఆవిరి కానిస్తే తేలికైన అణువులు ముందుగా లేచిపోతాయి, బరువైనవి అడుగున చిక్కబడతాయి. వాషింగ్టన్‌లో ఫెర్డినాండ్ బ్రిక్‌వెడ్ అలా ఆవిరి చేసి మిగిల్చిన చివరి కొసరును పంపగా, యూరే, ఆయన సహాయకుడు జార్జ్ మర్ఫీ దాని వర్ణపటంలో ఆ కొత్త ఐసోటోపు జాడను స్పష్టంగా చూశారు. 1934లో యూరేకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇంటిలో భార్య ఫ్రీడా ప్రసవించే రోజులు కావడంతో ఆయన డిసెంబరులో జరిగిన ప్రదానోత్సవానికి వెళ్ళలేదు. బహుమతి ఒక్కరికే వచ్చినా పైకంలో కొంత భాగాన్ని బ్రిక్‌వెడ్, మర్ఫీలకు పంచి ఇచ్చారు. ఆయన స్వభావం ఇక్కడే తెలుస్తున్నది.

రెండవ ప్రపంచయుద్ధంలో ఐసోటోపులను వేరుచేసే విద్యలో ఆయనను మించిన వారు అమెరికాలో లేరు. కనుక యురేనియంను శుద్ధి చేసే భారం ఆయన మీద పడింది. కొలంబియాలో వందలాది మంది పనిచేసే ప్రయోగశాలకు అధిపతియై, వాయు వ్యాపన పద్ధతిలో యురేనియం–235ను వేరుచేసే కృషికి నాయకత్వం వహించారు. పెద్ద యంత్రాంగాన్ని నడపడం ఆయనకు సరిపడలేదు. సైనికాధికారులతో పొసగలేదు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలు భస్మమైన తరువాత ఆయన మనస్సు కుదుటపడలేదు. అణుశక్తి సైన్యం చేతిలో ఉండరాదని, పౌర ప్రభుత్వం అధీనంలో ఉండాలని ఊరూరా తిరిగి ఉపన్యసించారు, పత్రికలకు వ్రాశారు. 1946లో వచ్చిన చట్టం పౌర నియంత్రణనే ఏర్పాటు చేసింది. 1953లో గూఢచర్య నేరం మోపబడిన రోజెన్‌బర్గ్ దంపతుల మరణశిక్షను రద్దు చేయవలసిందిగా బహిరంగంగా అర్థించి, ఆ రోజులలో అటువంటి వారి మీద పడే అనుమానపు చూపులను భరించారు. శిక్ష మాత్రం ఆగలేదు.

యుద్ధానంతరం షికాగో విశ్వవిద్యాలయంలో చేరిన యూరే ఇక ఆయుధాలకు సంబంధించిన పని చేయదలచుకోలేదు. అయితే ఏమి చేయాలి? 1946 డిసెంబరులో, ఏబది మూడేండ్ల వయస్సులో, లండన్‌లో ఐసోటోపుల ధర్మాలను గురించి ఒక ప్రసంగం చేశారు. ఆ ప్రయాణంలోనే జూరిచ్‌లో కూడా ఉపన్యసించగా, శ్రోతలలో ఉన్న పాల్ నిగ్లీ అనే స్ఫటికశాస్త్రజ్ఞుడు ఒక సందేహం లేవనెత్తారు. మంచినీటిలో ఏర్పడిన సున్నపురాతిని, సముద్రంలో ఏర్పడిన సున్నపురాతిని ఆక్సిజన్ ఐసోటోపుల ద్వారా వేరుగా గుర్తించవచ్చునా అన్నది ఆ సందేహ సారాంశం. యూరే షికాగోకు తిరిగి వచ్చి లెక్కలు వేశారు. అడిగిన ప్రశ్న ఒకటైతే లెక్క చూపిన దారి మరొకటి. సున్నపు గుల్లలోని ఆక్సిజన్ పాళ్ళు నీటి వెచ్చదనాన్ని బట్టి మారుతున్నాయి. అనగా సముద్రంలో బ్రతికిన ప్రతి గుల్లా ఒక ఉష్ణమాపకమే!

దీని కిటుకు కఠినమైనది కాదు. ఆక్సిజన్‌లో అధికభాగం 16 బరువు గలది. సుమారు ఐదువందలకు ఒకటి మాత్రం 18 బరువు గలది. నత్తలు, ఆల్చిప్పలు, సముద్రపు సూక్ష్మజీవులు నీటిలోని పదార్థంతోనే కాల్షియం కార్బనేట్ గుల్లను కట్టుకొంటాయి. మన పెద్దలు ఆల్చిప్పలను కాల్చి చేసిన గుల్లసున్నానికి మూలం ఆ పదార్థమే. నీరు చల్లబడిన కొద్దీ గుల్లలో బరువైన ఆక్సిజన్ కొంచెం ఎక్కువగా చేరుతుంది. ఆ కొంచెమెంత? ఒక డిగ్రీ సెంటీగ్రేడ్ తేడాకు ఆ పాళ్ళలో ఐదువేలవ వంతు మార్పు. ఇంత స్వల్పమైన తేడాను పట్టగల యంత్రం ఆనాడు లేదు. ఆల్ఫ్రెడ్ నియర్ రూపొందించిన మాస్ స్పెక్ట్రోమీటరును తీసుకొని, చార్లెస్ మెకిన్నీ మొదలైనవారు దాని సున్నితత్వాన్ని పలురెట్లు పెంచవలసి వచ్చింది.

ఆ ప్రయోగశాలలోని మనుషులను గురించి ఒక మాట చెప్పక తప్పదు. శిలాజాలు తెలిసిన హైంజ్ లోవెన్‌స్టామ్ జర్మనీలో పుట్టిన యూదుడు. మ్యూనిక్‌లో డాక్టరేటు పరీక్షకు సిద్ధమైన తరుణంలో యూదులకు పట్టా ఇవ్వరాదన్న నిషేధానికి గురై దేశం విడిచి వచ్చినవారు. రసాయన ప్రక్రియను చక్కదిద్దిన శామ్యూల్ ఎప్‌స్టీన్ పోలండ్‌లో పుట్టి కెనడాలో పెరిగారు. చెజారే ఎమిలియానీ ఇటలీలోని బొలోన్యా నుండి వచ్చారు. అదే షికాగోకు వచ్చి యూరేతో కలిసి పనిచేసిన హాన్స్ సూస్, యుద్ధకాలంలో జర్మనీ పక్షాన భారజలం పనికి సలహాదారుగా ఉన్న వ్యక్తి. తోషికో మయేడా జపాన్ సంతతి అమెరికన్ యువతి. యుద్ధకాలంలో జపాన్ సంతతి వారిని నిర్బంధించిన టూలీ లేక్ శిబిరంలో ఉండి వచ్చి, షికాగోలో రసాయనశాస్త్ర పట్టా పొంది, 1950లో గాజుసామాను కడిగే పనికి కుదిరారు. తరువాత ఆమె ఆ కొలతలలో అందరికంటే ఆరితేరిన నిపుణురాలై, పరిశోధన పత్రాలలో సహరచయిత్రి అయినారు. యుద్ధం చెదరగొట్టిన ఇందరు మనుషులు ఒక గదిలో కూర్చుండి నత్తగుల్లల వయస్సు, వెచ్చదనం గురించి వాదించుకోవడం నాకు ఆ శాస్త్రఫలితం కంటే తక్కువ విషయంగా తోచదు.

ఉష్ణమాపకానికి ముందుగా డిగ్రీల గుర్తులు పెట్టవలసి ఉన్నది. ఎప్‌స్టీన్ బృందం వెచ్చదనం తెలిసిన నీటితొట్లలో నత్తజాతి ప్రాణులను పెంచి, వాటి గుల్లలకు చిన్న గంట్లు పెట్టారు. ప్రాణి తన గుల్లకు కలిగిన గాయాన్ని కొత్త సున్నంతో పూడ్చుకొంటుంది. ఆ కొత్త పూతను గీకి పరీక్షిస్తే ఏ వెచ్చదనానికి ఏ పాళ్ళో తెలిసిపోతుంది. మొదటిసారి లెక్కలు కుదరలేదు. గుల్లలో దాగిన జీవపదార్థం కొలతను పాడు చేస్తున్నదని గ్రహించి దానిని తొలగించే పద్ధతి కనుగొన్నారు. ఈ పని 1953 నాటికి ఒక కొలిక్కి వచ్చింది.

ఈ లోపుగానే, 1951లో ప్రకటించిన ఒక ఫలితం శాస్త్రలోకాన్ని ముగ్ధం చేసింది. స్కాట్లండ్‌కు చెందిన స్కై దీవిలో దొరికిన బెలెమ్నైట్ శిలాజమది. నేటి స్క్విడ్‌కు దూరపు బంధువైన ప్రాణి దేహంలో ఉండే, తుపాకీగుండు ఆకారపు గట్టిభాగం. వయస్సు సుమారు పదిహేను కోట్ల సంవత్సరాలు. చెట్టు మొదలులోని వలయాల వలె దానిలోనూ వలయాలున్నాయి. యూరే బృందం ఒక్కొక్క పొరను గీకి కొలిచారు. ఆ ప్రాణి బాల్యం గడిచిన పిదప మూడు వేసవులు, నాలుగు శీతకాలాలు చూసింది. చిన్నతనంలో ఉన్నంత వెచ్చని నీరు పెద్దయిన తరువాత దానికి లభించలేదు. ఋతువుకు ఋతువుకు ఆరు డిగ్రీల వరకు తేడా ఉండేది. సుమారు నాలుగేండ్ల వయస్సులో, వసంతకాలంలో మరణించింది. పదిహేను కోట్ల సంవత్సరాల నాటి ఒక అల్పప్రాణి ఏ ఋతువులో చనిపోయినదో చెప్పగలగడం అంతకు ముందు ఎవరూ ఊహించని విషయం.

సముద్రపు లోతుల సంగతిని తెలుసుకొనే పని ఎమిలియానీ చేపట్టారు. సముద్రంలో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులున్నాయి. ఇసుకరేణువంత ఉండే వాటి గుల్లలు అందమైన గదులు గదులుగా ఉంటాయి. కొన్ని జాతులు నీటి పైభాగాన తేలుతూ బ్రతుకుతాయి. కొన్ని అట్టడుగు బురదలో బ్రతుకుతాయి. చనిపోయిన తరువాత రెండు జాతుల గుల్లలూ అదే బురదలో పొరలు పొరలుగా పేరుకొంటాయి. స్వీడన్ దేశపు ఆల్బట్రాస్ అనే నౌక 1947–48 యాత్రలో సముద్రం అడుగున పొడవైన గొట్టాలు దింపి ఆ పొరలను చెక్కుచెదరకుండా పైకి తెచ్చింది. అటువంటి మట్టికడ్డీల నుండి గుల్లలను సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్కటిగా ఏరి, జాతివారీగా వేరుచేసి, ఒక్క కొలతకు వందకు పైగా గుల్లలు పోగుచేయవలసి వచ్చేది.

అడుగున బ్రతికిన జాతుల మీద జరిపిన కొలతలను ఎమిలియానీ 1954లో ప్రకటించారు. పసిఫిక్ సముద్రపు అట్టడుగు నీరు మూడు కోట్ల సంవత్సరాల నాడు సుమారు 10 డిగ్రీలు ఉండేదని, మయోసీన్ యుగంలో 7 డిగ్రీలకు, ప్లయోసీన్ యుగం చివరకు 2 డిగ్రీలకు దిగిపోయిందని తేలింది. అది గడ్డకట్టే స్థితికి ఎంతో దూరం కాదు. అట్టడుగు నీటికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? ధ్రువప్రాంతాలలో చల్లబడి బరువెక్కిన నీరే దిగువకు మునిగి ప్రపంచ సముద్రాలన్నింటి అడుగునా పరచుకొంటుంది. భూమధ్యరేఖ దగ్గర కూడా అడుగు నీరు చల్లగా ఉండటానికి కారణమదే. కనుక అడుగు నీరు వెచ్చగా ఉండేదంటే ధ్రువాల వద్ద సముద్రమే వెచ్చగా ఉండేదని అర్థం. భూమి యావత్తూ కోట్ల సంవత్సరాలుగా చల్లబడుతూ వచ్చిన కథ అరచేతిలో పట్టే కొద్దిపాటి మట్టిలో నుండి బయటపడింది. మరుసటి ఏడాది ఎమిలియానీ పైభాగాన తేలే జాతులను పరీక్షించి, హిమయుగాలు అంతవరకు అనుకొన్నట్లు నాలుగే కావని, అంతకంటే ఎక్కువసార్లు వచ్చి పోయినవని చూపించారు.

అయితే ఈ ఉష్ణమాపకంలో ఒక చిక్కు ఉన్నది. ద్రవ హైడ్రోజన్ ఆవిరైనపుడు తేలికది ముందు లేచిపోయినట్లే, సముద్రపు నీటిలో కూడా తేలికైన ఆక్సిజన్ గల నీరు ముందుగా ఆవిరవుతుంది. అది ధ్రువాల మీద మంచుగా కురిసి, కరగక అక్కడే గుట్టలుగా నిలిచిపోతే సముద్రంలో మిగిలిన నీటిలో బరువైన ఆక్సిజన్ పాళ్ళు పెరుగుతాయి. అప్పుడు నీరు చల్లబడకపోయినా గుల్ల చల్లని నీటి గుల్లవలెనే కనిపిస్తుంది. యూరేకు నోబెల్ తెచ్చిన సూత్రమే ఆయన ఉష్ణమాపకాన్ని తికమకపెట్టింది! ఈ సంగతి షికాగో బృందానికి తెలియకపోలేదు. కానీ మంచు ప్రభావం స్వల్పమని ఎమిలియానీ లెక్కగట్టారు. 1967లో కేంబ్రిడ్జ్‌కు చెందిన నికొలస్ షాకిల్టన్ దీనిని ప్రశ్నించారు. హిమయుగాలలో అడుగున బ్రతికిన గుల్లలు కూడా పైభాగాన బ్రతికిన గుల్లలంతగానే మార్పు చూపుతున్నాయి. అడుగు నీరు అప్పటికే గడ్డకట్టే స్థితికి దగ్గరగా ఉన్నపుడు ఇంకా అన్ని డిగ్రీలు చల్లబడటం అసంభవం. కనుక హిమయుగాల విషయంలో గుల్లలు చెప్పిన కథలో అధికభాగం నీటి వెచ్చదనాన్ని గురించినది కాదు, భూమి మీద పేరుకొన్న మంచు పరిమాణాన్ని గురించినది. దీనితో యూరే పద్ధతి కూలిపోలేదు. ఒకే కొలతలో రెండు కథలు కలిసి ఉన్నాయని తెలిసింది, అంతే. ఆ రెండింటినీ విడదీయడానికి మరొక సాక్షి కావలసి వచ్చింది.

యూరే అప్పటికే ఆ రంగాన్ని శిష్యులకు విడిచిపెట్టి ముందుకు సాగారు. 1952లో గ్రహాల పుట్టుకను గురించి పెద్ద గ్రంథం వెలువరించారు. మరుసటి ఏడాది ఆయన విద్యార్థి స్టాన్లీ మిల్లర్ జీవపదార్థాల ఉత్పత్తిని గురించిన ప్రసిద్ధ ప్రయోగాన్ని ప్రకటించినపుడు, కీర్తి అంతా పెద్దవారికే పోతుందన్న శంకతో ఆ పత్రం మీద తమ పేరు ఉంచుకోలేదు. ఈ ఒక్క పని కోసమైనా ఆయనను ఉపాధ్యాయులందరూ గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం. 1958లో కాలిఫోర్నియాలోని లా హోయాకు తరలి, అక్కడ కొత్తగా వెలసిన విశ్వవిద్యాలయ శాఖను తీర్చిదిద్దడంలో పాల్గొన్నారు. చంద్రమండల యాత్రలను గట్టిగా సమర్థించారు. చంద్రుడు ఏనాడూ కరగని ఆదిమ శీతలగోళమని ఆయన నమ్మకం. 1969లో వచ్చిన చంద్రశిలలు లావా నుండి పుట్టినవని తేలగా, డెబ్బది ఆరేండ్ల వయస్సులో ఆ నమ్మకాన్ని సవరించుకొన్నారు. 1981 జనవరి 5న లా హోయాలో పరమపదించారు. ఆయన భౌతికకాయాన్ని స్వరాష్ట్రమైన ఇండియానాలోనే ఖననం చేశారు.

ఆయన అనంతరం ఆ రెండవ సాక్షి దొరికింది. ఫొరామినిఫెరా గుల్లలో అత్యల్పంగా చేరే మెగ్నీషియం కూడా నీటి వెచ్చదనాన్ని బట్టి పెరుగుతుంది. మంచు గుట్టలతో దానికి ప్రమేయం లేదు. ఈ పద్ధతితో 2000లో ప్రకటితమైన ఒక పరిశోధన, గత ఐదు కోట్ల సంవత్సరాలలో సముద్రపు లోతులు సుమారు 12 డిగ్రీలు చల్లబడినాయని చూపింది. ఎమిలియానీ చూపిన దిశ తప్పు కాలేదు. బరువైన కార్బన్, బరువైన ఆక్సిజన్ ఒకే అణువులో ఎంత తరచుగా జతకూడుతాయో కొలిచే పద్ధతి 2006 నుండి వాడుకలోకి వచ్చింది. నీటిలోని ఐసోటోపుల పాళ్ళు తెలియకపోయినా వెచ్చదనం చెప్పగలగడం దాని విశేషం. ఆ పద్ధతిలో జరిగి 2022లో వెలువడిన కొలతలు ప్రాచీన సముద్రగర్భం కొన్ని కాలాలలో అంతకుముందు అనుకొన్న దానికంటే వెచ్చగా ఉండేదని సూచిస్తున్నాయి. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతున్న ఈ రోజులలో, అది మిక్కుటంగా ఉన్న పూర్వయుగాలలో సముద్రం ఎంత వేడెక్కినదో సరిగా తెలియడం కేవలం కుతూహలానికి సంబంధించిన విషయం కాదు. తీరప్రాంతాలలో నివసించే మనవంటి వారికి మరీను.

యూరే ప్రయోగశాలలో ప్రతి కొలతనూ పోల్చి చూచుకోవడానికి ఒక ప్రమాణం ఉండేది. దక్షిణ కెరొలైనాలోని పీడీ అనే శిలాస్తరంలో దొరికిన మరొక బెలెమ్నైట్‌ను పొడి చేసి, దాని పాళ్ళను సున్నాగా నిర్ణయించుకొన్నారు. ఆ పొడి ఏనాడో అయిపోయింది. తరువాత వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మరొక సున్నపురాతిని ఆ పాత ప్రమాణంతో ముడిపెట్టి ప్రయోగశాలలకు పంపిణీ చేసింది. అది కూడా నిండుకొని ఇంకొకటి వచ్చింది. అయినా ప్రపంచంలో ఏ ప్రయోగశాలలో ఏ గుల్లను కొలిచినా, ఆ అంకెను ఈనాటికీ పీడీ బెలెమ్నైట్ పేరిటనే వ్రాస్తున్నారు.